సముద్రం నలుపు

గొంగడి వాకిట్లోనే పడి ఉంది. గుడి దగ్గరి నుంచి తెచ్చినవాళ్లు ఒక్క మాటైనా అనకుండా గడప ముందు పడేసి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఇంట్లోవాళ్లంతా దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నారే గానీ వంగి తీసినవాళ్లు లేరు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఎవరి భయం వాళ్లది.

కాశమ్మ పొయ్యి ముట్టించలేదు. రాట్నం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, కోడలి వైపు చూడకుండా కోడలికే వినబడేలా మాట్లాడుతోంది.

"నా అత్త కాలం సంది ఈ ఇంటి గొంగడే దేవుని కింద పరుస్తున్నరు. కరువుల గూడ తప్పలే. ఇప్పుడు సూడు, కుక్క గూడ ముట్టకుంట ఎట్ల పడ్డదో."

కుక్క ముట్టలేదన్నది నిజం కాదు. ఇందాకే ఒకటి వచ్చి గొంగడిని శ్రద్ధగా వాసన చూసి నాకబోతే కోడలు నర్మదే అదిలించింది. ఆ సంగతి ఇప్పుడు చెప్పడం మంచిది కాదని ఊరుకుంది.

మామ యాదయ్య మగ్గం గుంటలో కాళ్లు వేసుకుని కూర్చున్నాడు. మగ్గం మీద దారం లేదు. నేయడానికేమీ లేకపోయినా అక్కడ కూర్చుంటే ఎవరూ పలకరించరని ఆయనకు తెలుసు. నిన్నటి నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నిన్న గొర్రెలు కాసే కుర్మల దేవుడు బీరప్ప కల్యాణం. పూజారి తెల్లపంచె కట్టుకుని యాదయ్య నేసిన కొత్త గొంగడి మీద దేవుని పక్కన కూర్చున్నాడు. పసుపునీళ్లు చల్లారు. కాసేపటికి లేచి నిలబడితే పంచె వెనక నల్లటి మరక. దానితో పాటు తడిసిన గొంగడి నుంచి ఎండుచేపల వాసన. డోలు ఆగిపోయింది. కల్యాణం ఆగిపోయింది.

అక్కడున్న వాళ్లలో చేపల పులుసు అంటే పడి చచ్చేవాళ్లే ఎక్కువ. అయినా దేవుని గొంగడి సంగతి వేరు. అందులో నల్లగొర్రె ఉన్ని తప్ప మరొకటి ఉండకూడదు, ఉన్నికి ఏ రంగూ తగలకూడదు. నేసినవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని ఆ మాట మీద ప్రమాణం చేసి మరీ పరుస్తాడు. యాదయ్య ప్రమాణం చేసిన గడియలోపే ఆ మరక పడింది.

నర్మద వెనకింట్లోకి వెళ్లింది. ఆమె మొగుడు బస్వరాజ్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్ చూస్తున్నాడు. లోకంలో ఏమీ జరగనట్టు బొటనవేలితో తెర పైకి తోస్తున్నాడు.

"తీగ మీది దారం నువ్వే తీసినవా?" అంది.

"ఇప్పుడు గది అడిగితే ఏం ఫాయిద?"

"అడుగుతున్న. చెప్పు."

"తీసిన. ఏం జేయమంటవ్? దేవుని గొంగడి బుట్టల దారం తక్కువైంది. నాయిన పరేషాన్ అవుతుండు. కంగ్టి దాక పోయిన, కల్హేర్ సంతల అడిగిన, ఏడ నల్లబొచ్చు లేదు. ఇంటికొస్తే నీ దారం తీగ మీద నల్లగ మెరుస్తున్నది. తెచ్చి ఏసిన."

"అది దుకాణం సరుకు. చేపరంగు ఏసిందని నీకు ఎరుకనే గద."

"నలుపు నలుపే. దానికి పేరు రాసి ఉంటదా?"

ఆ నలుపు తెచ్చింది నర్మదే. పెళ్లికి ముందు పటాన్‌చెరు దగ్గర రంగులు చేసే చిన్న కంపెనీలో పనిచేసింది. అక్కడ పరిచయమైన స్నేహితురాలు లిల్లీ, నారాయణఖేడ్ పిల్లే, ఇంకా అక్కడే ఉంది. సముద్రపు జీవి సంచిలోంచి తీసిన నల్లటి పొడిని ఆమే పంపిస్తుంది. ఊళ్లలో నల్లగొర్రెలు పోయి ఉన్ని లేని ఎర్ర గొర్రెలు వచ్చాక ఇంట్లో మగ్గం మూలపడే పరిస్థితి వచ్చింది. అప్పుడు నర్మద సంతలో కొన్న మాసిన తెల్ల ఉన్నిని పటికనీళ్లలో నానబెట్టి, పెరట్లో పెద్ద డేగిస గిన్నెలో ఈ పొడి వేసి కాచి, హైదరాబాద్ దుకాణాలకు పంపే గొంగళ్లకు నలుపు ఎక్కించడం మొదలుపెట్టింది. సముద్రపు రంగు అని చెప్పే అమ్మేవారు. అందులో దాపరికం లేదు. ఇంట్లో మళ్లీ మగ్గం చప్పుడు వినబడిందంటే ఆ డేగిస పుణ్యమే. ఆ సంగతి ఇవాళ ఎవరికీ గుర్తు లేదు.

"ఆ దారం సగం కడిగి ఆరేసిన," అంది నర్మద. "ఇంకా కుంకుడు నీళ్లల్ల జాడియ్యాలె. ఎండకు పెట్టాలె, మళ్ల జాడియ్యాలె. వాసన పోయేదాక, చేతికి అంటకుంట అయ్యేదాక. నువ్వు నడుమల్నే ఎత్కపోయినవ్."

బస్వరాజ్ లేచి కూర్చున్నాడు. మొఖంలో ఏదో దొరికిన వెలుగు.

"అదే నేను అంటున్న. నువ్వు ఆ రోజే మంచిగ కడిగి ఉంటే గీ లొల్లి ఉండకపోవు గద."

దొంగతనం చేసినవాడే సరుకు సరిగ్గా లేదని దబాయిస్తున్నాడు.

ఆమె తప్పూ లేకపోలేదు. మగ్గం మీద సగం నేత అయ్యాక చూసింది. చూడగానే గుర్తుపట్టింది. రాత్రి మొగుడికి చెప్పింది. ఊరుకో అన్నాడు. ఊరుకుంది.

"సాయంత్రం సంఘమోళ్లతోని బాలప్ప వస్తుండు," అన్నాడు బస్వరాజ్, గొంతు తగ్గించి. "నువ్వు చెప్పు, తెల్వక కలిసిందని. బయటి నుంచి వచ్చిన పిల్లవు, నిన్ను ఇడిచిపెడ్తరు. నా పేరు వచ్చిందనుకో, నాయిన తర్వాత గొంగడి నేసే హక్కు నాకు ఉండదు. కల్హేర్ల నేసేటోళ్లు ఎప్పుడెప్పుడా అని చూస్తుండ్రు."

"నా మీద వేసుకోవాల్నా?"

"ఇంటి కోసం అంటున్న."

ఇల్లు అనే మాట ఎవరికి అవసరం వచ్చినప్పుడు వాళ్లు వాడుకుంటారు. నర్మద బయటికి వచ్చేసింది.

బాలప్ప పొద్దు వాలుతుండగా వచ్చాడు. కుర్మ సంఘానికి పెద్ద. వెనక మరో నలుగురైదుగురు ఉన్నారు. వాకిట్లో గొంగడికి దూరంగా చుట్టు తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కాశమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. ఆమె చెంబు వైపు చూసి, మొఖం తిప్పుకుని లోపలికి పోయింది.

"యాదయ్యా, ఈ నలుపు ఏడిది?" అన్నాడు బాలప్ప.

యాదయ్య గొంగడి వైపు చూశాడు.

"నెత్తి మీద పెట్టుకోని ప్రమాణం చేసినవ్. పక్కన నేనే నిలబడ్డ."

"చేసిన."

"మరి ఏడికెల్లి వచ్చింది?"

"రంగుల సంగతి నా కోడలికి ఎరుక," అన్నాడు యాదయ్య. "దాన్ని అడుగు."

నర్మద తల మీద కొంగు లాక్కుని తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఇన్నేళ్లలో మామ ముందు నిలబడి ఆమె మాట్లాడింది లేదు. ఏది చెప్పాలన్నా అత్తకు చెబితే అత్త ఆయనకు చెప్పేది.

"ఏందమ్మా అది?" బాలప్ప అడిగాడు.

"సముద్రంల ఉంటది పెదనాయినా. కటిల్‌ఫిష్ అంటరు. చేప అంటరు గని చేప కాదు, మెత్తగ ఉంటది. దాని కడుపుల చిన్న సంచి ఉంటది. దాన్నిండ నల్ల సిరా. ఎవరన్న పట్టవస్తే ఆ సిరా ఇడిసి, నీళ్లు నల్లగ చేసి తప్పించుకుంటది."

"అంటే దాని ఉచ్చనా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. ఇద్దరు నవ్వారు.

"ఉచ్చ కాదు. సిరా. కాకినాడ దిక్కు దాని కండను కోసి పెద్ద పెద్ద దేశాలకు పంపుతరు. సిరా సంచి పారేస్తరు. ఆ పారేసేదాన్ని కంపెనీలోళ్లు ఐస్‌ల పెట్టి తెచ్చి, ఆరబెట్టి పొడి చేస్తరు."

ఆమె అక్కడితో ఆగాల్సింది. కానీ ఆ పని ఆమెకు ప్రాణం. అడిగినవాళ్లు వెక్కిరించడానికే అడిగినా, చెప్పడం మొదలుపెట్టాక నోరు ఆగలేదు.

"రొయ్య పొట్టు నుంచి ఎర్రది తీస్తరు. కోళ్ల దాణల కలిపితే గుడ్డు సొనకు మంచి రంగు వస్తది. సముద్రంల ఎర్ర నాచు ఉంటది, దాని గులాబిరంగు మొఖానికి రాసుకునే క్రీములల్ల ఏస్తరు. ఆ నీళ్లల్ల కంటికి కనబడని పురుగులుంటయి, వాటిని పెంచి పట్టుబట్టకు ఊదారంగు అద్దుతరు. ఇవన్ని కెమికల్ మందు రంగులు కావు పెదనాయినా. చెయ్యి మండదు. కాలువల కలిసినా నీళ్లు ఖరాబ్ కావు. ఇది విషం కాదు."

బాలప్ప చివరిదాకా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నర్మదకు బాధ తగ్గేది.

"విషమా అని నేను అడగలే బిడ్డా," అన్నాడు. "మా దేవుడు గొర్రె బొచ్చు మీదనే కూసుంటడు. గొర్లు కాసేటోని దేవుడు. వేరేదాని మీద కూసోబెట్టి లగ్గం చేసినం. గది ఎట్ల సాఫ్ ఐతది, చెప్పు."

దానికి కంపెనీలో ఎవరూ జవాబు నేర్పలేదు.

"దుకాణం గొంగడికి నువ్వు ఏ రంగన్న ఏసుకో, మేం అడగం. దేవుని బుట్టల ఎవరు ఏసిన్రు? గది చెప్పు."

ఆమె మొగుడి వైపు చూసింది. బస్వరాజ్ గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. బాలప్ప కూడా అటే చూశాడు.

"ఏం బస్వరాజూ?"

"రంగు పని అంత ఆమెనే చూసుకుంటది," అన్నాడు బస్వరాజ్. "నాకు తెల్వదు."

గట్టిగానే అన్నాడు. కాస్త నీళ్లు నమిలినా నర్మద క్షమించేదేమో. ఎంతో అలవాటున్న అబద్ధంలా గడగడా అనేశాడు.

ఆమె మామ వైపు చూసింది. ఒక్క మాట అనడా, కోడలి చేతులు నా మగ్గం దాకా రావని. దేవుని దారం ఉన్న బుట్టను మగవాళ్లు తప్ప ఇంట్లో ఆడవాళ్లు ముట్టుకోరని ఊరంతటికీ తెలుసు. యాదయ్య చూపు గొంగడి మీది నుంచి కదల్లేదు. అరుగు మీద కూర్చున్న వాళ్లలో కూడా ఎవరికీ ఆ సంగతి గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే అందరికీ అనుకూలం.

"నేను చూసి ఊకున్న," అంది నర్మద. "మగ్గం మీద చూసిన. చెప్పకపోవుడు నా తప్పే."

ఆమె చెప్పింది నిజమే. కానీ అది సగం. వచ్చినవాళ్లకు కావలసింది కూడా ఆ సగమే.

అప్పుడు యాదయ్య లేచాడు. చేతులు జోడించాడు.

"ఆడపిల్ల, తెల్వక చేసింది. ఇంటి పెద్దను నేను. దాని తప్పు నా తప్పే అనుకోన్రి. మాఫ్ చేయిన్రి."

ఎంత పెద్ద మనసు అనుకున్నారందరూ. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా. నర్మదకు మాత్రం ఒళ్లంతా మండింది. తిట్టినా ఇంత మండేది కాదు. తప్పు ఆమె మెడకు కట్టి, దాన్ని మోసే పుణ్యం ఆయన తీసుకున్నాడు.

బాలప్ప తేల్చి చెప్పాడు. అమావాస్యకు కల్యాణం మళ్లీ చేస్తారు. ఆలోగా యాదయ్య ఇంట్లో కొత్త గొంగడి, నల్లగొర్రె ఉన్నిదే, దిగాలి. దిగకపోతే హక్కు కల్హేర్‌లో నేసేవాళ్ల ఇంటికి పోతుంది. గొంగడి దేవుని కిందికి చేరేదాకా కోడలు ఉన్ని గానీ రాట్నం గానీ ముట్టుకోకూడదు. ఈ ఇంట్లోనే ఉండకూడదు. మనూర్‌లో తల్లిగారింటికి పోయి ఉండాలి.

"పిల్లకు దండుగేం ఏస్తలేం," అన్నాడు బాలప్ప లేస్తూ. "మంచిపిల్ల."

వెళ్తూ వెళ్తూ ఇద్దరు నీళ్లు తాగారు.

ఆ రాత్రి బస్వరాజ్ తిని పడుకున్నాడు. హాయిగా నిద్రపోయాడు కూడా.

తెల్లారి నర్మద బట్టలు సంచిలో సర్దుకుంటుంటే కాశమ్మ వచ్చి పక్కన కూర్చుంది. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. నిన్నటి కోపం ఆమెలో లేదు. దాని చోట ఏముందో నర్మదకు అర్థం కాలేదు.

"మీ అమ్మకు ఏం చెప్తవ్?"

"ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు అత్తమ్మా."

"ఒంట్లో బాగలేదని చెప్పు. గంత దూరం ఆ ముచ్చట పోకుంట ఉంటే మంచిది."

"మనూర్‌కు నాకన్న ముందే పోయి ఉంటది."

కాశమ్మ రొట్టెల మూట సంచిలో పెట్టింది. తీసి మళ్లీ పెట్టింది.

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. నిన్న ఏదో అన్న. ఇంటి ఇజ్జత్ పోయిందని అన్న. పాపం నువ్వేం చేసినవ్? నేను ఆయనకు ఆ రోజే చెప్పిన. వద్దయ్యా, దేవుని పని, ఉన్నది ఉన్నట్టు సంఘంల చెప్పు, బొచ్చు దొరుకుతలేదని చెప్పు అని."

నర్మద చేతిలో మడుస్తున్న చీర ఆగింది.

"ఏ రోజు?"

కాశమ్మ నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఏ రోజు అత్తమ్మా?"

"ఆ దారం చేతికి వచ్చిన రోజు," అంది కాశమ్మ, నేల వైపు చూస్తూ. "ఆయన చేతికి తెల్వకుంట ఉంటదా? చిన్నప్పటి సంది గదే పని. వేళ్ల నడుమ రాంగనే, ఇది గొర్రె నలుపు కాదే కాశీ అన్నడు. వాసన చూసిండు. మళ్ల ఏం అనలే. నేసిండు."

నర్మద లేచింది. కొంగు జారింది. సర్దుకోలేదు. వాకిలి దాటి మగ్గం ఉన్న అర్రలోకి వెళ్లింది.

యాదయ్య గుంటలో కూర్చుని ఉన్నాడు. కోడలు తల మీద కొంగు లేకుండా, అడ్డంగా ఎదురొచ్చి నిలబడేసరికి చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మగ్గం కర్ర పట్టుకున్నాడు.

"నీకు ముందే ఎరుకనా మామా?"

ఆయన కాదనలేదు. కనీసం కోపం కూడా తెచ్చుకోలేదు.

"ఎరుకనే."

"ఎరుకుండి ప్రమాణం చేసినవా?"

"నేను దేవునికి వేరే చెప్పుకున్న," అన్నాడు. "లోపట లోపట చెప్పుకున్న. నీ గొర్లే లేకుంట పోయినయి, నేనేం జేతు, దొరికిన నలుపు తెచ్చిన, తీస్కో అన్న. ఆయనకు నాకు మధ్యల ముచ్చట అది. మరక పడకుంటే గట్లనే ఉండిపోవు."

"మరి నిన్న నన్ను ఎందుకు చూపెట్టినవ్?"

యాదయ్య మగ్గం కర్ర వదిలేశాడు. ముసలి మొఖంలో ఏడుపూ లేదు, సిగ్గూ లేదు. అలసట మాత్రం ఉంది. నర్మదకు ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలి కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కోడలివి," అన్నాడు. "నాలుగు దినాలు మాట పడ్తవ్, మళ్ల వస్తవ్. అందరు మర్చిపోతరు. మగ్గం పోతే మళ్ల రాదు."

అని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు ఇంకా తగ్గించాడు.

"రాత్రంత ఆలోచన చేసిన. అమావాస్య లోపల నల్లబొచ్చు ఏడికెల్లి తెస్త? కంగ్టి అవతల కర్ణాటకల గూడ అడిగించిన. లేదు. గా లిల్లీకి ఫోన్ చేసి ఇంకింత పొడి తెప్పియ్యి. మనూర్‌ల మీ అమ్మోళ్ల పెరట్లనే కాగబెట్టు, ఈడ ఎవరికి తెల్వదు. బస్వరాజ్‌ను దగ్గరికి రానియ్యకు. ఈపారి మంచిగ కడుగు."

నర్మద ముందు నమ్మలేదు. తను సరిగ్గా వినలేదేమో అనుకుంది. ఉన్ని ముట్టుకోవద్దని వెళ్లగొడుతున్న ఇల్లే, వెళ్లిన చోట అదే ఉన్నికి అదే నలుపు ఎక్కించమంటోంది. ఆయన మొఖంలో వెటకారం లేదు. పొలం పని పురమాయించినట్టు అడుగుతున్నాడు. చేస్తుందన్న నమ్మకం కూడా ఉంది ఆ కళ్లలో.

ఆమెకు ఏడుపు రాలేదు. ఏడుపు నిన్ననే అయిపోయింది.

"చేస్త," అంది.

యాదయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

"చేస్త మామా. మంచిగ కడుగుత, ఒక్క చుక్క అంటకుంట చేస్త. బాలప్పను పిలువు. సంఘమోళ్లను అందరిని పిలువు. నిన్న కూసున్న అరుగు మీదనే కూసోబెట్టు. ఇప్పుడు నాతోని అన్న మాట, వాళ్ల ముంగట అను. అప్పుడు కాగబెడ్త."

"పిచ్చిదానవా? వాళ్లకు చెప్తే మగ్గం పోతది."

"చెప్పకుంటే నేను పోత. నాలుగు దినాలకు కాదు."

బయట ఆటో వచ్చి ఆగింది. మనూర్ పోయే ఆటో. డ్రైవర్ ఒకసారి హారన్ కొట్టి ఊరుకున్నాడు. బస్వరాజ్ ఎక్కడి నుంచో వచ్చి, పెళ్లాం సంచి అందుకుని ఆటోలో పెట్టడానికి తొందరపడ్డాడు. ఆ తొందర చూసి కాశమ్మ కొడుకు చేతిలోంచి సంచి లాక్కుంది. అర్ర గుమ్మం దాకా వచ్చి లోపలికి చూసింది. మొగుడు మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీస్తున్నాడు. కోడలు దారికి అడ్డంగా నిలబడి ఉంది.

డ్రైవర్ మళ్లీ హారన్ కొట్టాడు. కాశమ్మ సంచిని చంకలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఆగు కొడుకా," అంది. "మా ఇంట్ల ఎవరు పోవాల్నో ఇంక తేలలే."